లాదొర న్యాయవాదము – హేస్టింగ్సు విచారణము

ఖడ్గముచేఁ జేసిన నేరమునకు సాక్షులు సులభముగా లభింతురు. లేఖినిచేతను, ముద్రచేతను, లెక్కల పుస్తకములచేతను జేసిన నేరమున కట్లు గాదు. అచ్చట రాజ్యకార్యమును నపరాధమును నొక్క పత్త్రముననే యుండును. పుచ్చుకొన్న ద్రవ్యము మర్యాదకై యిచ్చిన కానుకయో లంచమో, ఇచ్చిన గుత్త కంపెనీ లాభమునకో మిత్రుని లాభమునకో తేల్చుట దుష్కరము. ఇట్టి యభియోగములందు నిందితుని పక్షమున వాదించి ప్రసిద్ధి కెక్కిన న్యాయవాదులలో ఎడ్వర్డు లా యను నాంగ్లేయుఁడు ముఖ్యుఁడు. అతని వృత్తిచరిత్రము ఆంధ్రదేశ చరిత్రముతోఁ గూడ సంబంధము గలదగుటచే విచారింపఁదగినది.

లాదొర 1750వ సంవత్సరమున కంబర్లండు సీమలో జనించెను. తండ్రియగు ఎడ్మండు లా తరువాతఁ గార్లైలు పట్టణమున బిషప్పయ్యెను. కేంబ్రిడ్జిలోఁ జదివి, గణితపరీక్షయందు మూఁడవవాఁడుగా నుత్తీర్ణుఁడై, తండ్రి కోరిన మతాచార్యవృత్తిని విడిచి ధర్మశాస్త్రము నభ్యసించెను. 1782లో బారిష్టరై, యుత్తర మండలమున నైదేండ్లు వాదించి, 1787లో రాజన్యాయవాది బిరుదు వడసెను.

అతని సోదరి జొవన్నాను వివాహమాడినవాఁడు సర్ థామసు రంబోల్డు. ఇతఁడు 1778 మొదలు 1780 వఱకుఁ జెన్నపట్టణమునకు గవర్నరు. ఉత్తర సర్కారుల స్థితిగతుల నూరూరఁ దిరిగి విచారించుటకు డైరెక్టరులు నియమించిన సర్క్యూటు కమిటీని రంబోల్డు నిలిపివేసి, జమీందారులనే చెన్నపట్టణమునకు రప్పించెను. విజయనగర సంస్థానమున విజయరామరాజునకు సమ్మతము గాకున్నను, అతని యన్నయగు సీతారామరాజునకు దివానుపదవి నిలిపెను. ఈ వ్యవహారములందు ధనము చేతులు మాఱెనని నింద పుట్టెను. కంపెనీవా రతనిని 1781లోఁ బదవినుండి తొలఁగించిరి. పార్లమెంటున దండనశాసనమొకటి ప్రతిపాదింపఁబడెను గాని, యది 1783లో నేమియు నిర్ణయము గాకయే విడువఁబడెను. వారన్ హేస్టింగ్సునకు లాదొరను న్యాయవాదిగాఁ గుదిర్చినవాఁ డీ రంబోల్డే యని చరిత్రకారు లూహింతురు.

హేస్టింగ్సు విచారణము 1788 ఫిబ్రవరి 13వ తేదీన వెస్టుమినిస్టరు మందిరమునఁ బ్రభువులసభ యెదుట నారంభమయ్యెను. కాశీరాజగు చేత్ సింగును బీడించుట, అయోధ్య బేగముల ధనము నపహరింపఁజేయుట, కానుకలు గ్రహించుట, గుత్తలను స్వజనులకుఁ బంచియిచ్చుట మొదలగునవి నేరములుగాఁ జెప్పఁబడెను. అభియోగపక్షమున బర్కు, ఫాక్సు, షెరిడను నిలిచిరి. వాగ్ధాటియందు వారి కెదురు లేదు. లాదొరయు, నతని సహాయులగు ప్లూమరు, డల్లాసులును వక్తృత్వమున వారితోఁ బోటీ పడలేదు. వారి యాయుధము విచారణక్రమము.

ప్రథమ వివాదము విచారణవిధమును గూర్చినది. ఒక్కొక్క నేరమును వేఱువేఱుగా ముగింపవలెనని ఫాక్సు కోరెను. అభియోగమంతయుఁ జెప్పి ముగించిన పిదపనే తాము సమాధానము చెప్పుదుమని నిందితుని న్యాయవాదులు పట్టుపట్టిరి. ప్రభువులు రెండవ పక్షమునే యంగీకరించిరి. ద్వితీయ వివాదము సాక్ష్యమును గూర్చినది. రాజ్యద్రోహమువంటి మహాపరాధములందు సామాన్య న్యాయస్థానముల సాక్ష్యనియమములు పార్లమెంటును బంధింపవని బర్కు వాదించెను. దరిద్రుఁడగు దొంగకు రక్షణమైన నియమము గవర్నరు జనరలునకు మాత్ర మేల రక్షణము గారాదనునది లాదొర వాదసారము. ఇచ్చటఁ గూడఁ బ్రభువులు సామాన్య నియమములనే పాటించిరి. పెక్కు పత్త్రములు, వినికిడి సాక్ష్యములు తిరస్కృతములయ్యెను. 1794లో బర్కు దీనిని ఖండించుచు దీర్ఘమైన నివేదిక వ్రాసెను.

కాలముకూడ నిందితునకే తోడ్పడెను. లాదొర ప్రతివాద మారంభించునప్పటికి 1792 వచ్చెను. తొలుత గుంపులుగాఁ జేరిన జనము విసిగి మరలిరి. 1795 ఏప్రిలు 23వ తేదీన హేస్టింగ్సు నిర్దోషి యని తీర్పయ్యెను. ఆ దినమున మతమిచ్చిన ప్రభువులు 29 మంది మాత్రమే. విచారణ సాగిన దినములు 140కిఁ బైఁబడెను. హేస్టింగ్సునకైన వ్యయము 70 వేల పౌనులను మించెను. నేరము ఋజువు కాకున్నను సంపద నశించెను. కంపెనీ యిచ్చిన సాలుకు 4000 పౌనుల భరణమే యతని కాధారమయ్యెను.

న్యాయవాదికి మాత్రము భాగ్యద్వారములు తెఱవఁబడెను. లాదొర 1801లో అటర్నీ జనరలును, 1802లో ఎలెన్‌బరో ప్రభువను బిరుదముతోఁ బ్రధాన న్యాయాధిపతియు నయ్యెను. 1814లో నెపోలియను మరణించెనను నసత్యవార్తను బుట్టించి లండను వాటాల విపణిలో లాభము గొనిరను నభియోగము లార్డు కాక్రేను మొదలగువారిపై నతని యెదుటనే విచారణకు వచ్చెను. రాత్రి ప్రొద్దుపోయినది, ప్రతివాదమును మఱునాఁటికి నిలుపుఁడని న్యాయవాదులు వేఁడినను అంగీకరింపక, యర్ధరాత్రము దాఁటువఱకు నడపించెను. కాక్రేనునకుఁ గారాగృహమును, జరిమానాయు, బొండకొయ్యలో నొకగంట నిలువఁబెట్టుటయు శిక్షలుగా విధింపఁబడెను. తుదిదానిని ప్రభుత్వము మానిపించెను. 1832లో రాజు కాక్రేనును క్షమించెను. నిందితునికై విచారణక్రమమును బ్రాణపదముగాఁ గాపాడినవాఁడు, పీఠ మెక్కిన పిదప నిందితునకుఁ గొన్ని గంటల యవధి నీయఁడయ్యెను. అతఁడు 1818లో మృతినొందెను.

ఇందు విచార్యమైన విషయ మొకటి కలదు. సాక్ష్యనియమములను గుఱించి లాదొర చెప్పినది ధర్మమే. ద్వేషపాత్రుఁడగు నధికారికి నిరాకరింపఁబడిన రక్షణము బలహీనునకు మొదలే దక్కదు. అయినను, చేత్ సింగు గాని, అయోధ్య బేగములు గాని యా మందిరమున నిలిచి తమ మాట చెప్పికొనలేదు. బర్కు తన తుది యుపన్యాసమును ముగించిన 1794 జూను గడచి నెల తిరుగకమున్నే, జూలై 10వ తేదీన, విజయరామరాజు పద్మనాభమున కంపెనీ సేనతోఁ బోరాడి హతుఁడయ్యెను. అతనికి న్యాయవాదియు లేఁడు, విచారణయు లేదు. లండనులో నిందితునకుఁ దప్పక పాటింపఁబడిన నియమము, ఆ నిందితుని యధికారమునకు లోఁబడిన ప్రజలకు సముద్రము దాఁటి రాలేదు. న్యాయము పూర్ణము కావలెనన్న నిందితునకును బాధితునకును సమముగా నోరుండవలెనని యీ చరిత్రము బోధించుచున్నది.