బల్ల మీద బంతిపువ్వు

భోజనాల బల్ల మధ్యన నాలుగు పువ్వులు పెట్టడమనేది చిన్న పని. పది నిమిషాల్లో అయిపోతుంది. ఇంట్లో ఉన్నవాటితోనే సరిపెట్టుకుంటే పెద్ద ఖర్చు కూడా ఉండదు. కాని ఆ పనికీ ఒక చరిత్ర ఉంది. అందులో మన సికింద్రాబాదుకి కాస్త ఎక్కువ వాటాయే ఉంది. ముందు ఆ కథ చెప్పుకుందాం, తర్వాత చవకలో బల్ల ఎలా అలంకరించుకోవాలో చూద్దాం. కథ ముందెందుకంటే, ఎంతో ముచ్చటపడి కొన్న పూలపాత్ర మన ఇళ్ళల్లో నాలుగో రోజుకల్లా ఫ్రిజ్ మీదకి ఎందుకు ఎక్కి కూర్చుంటుందో ఆ కథలోనే తెలుస్తుంది.

మన పెద్దవాళ్ళకి భోజనాల బల్ల లేదు. నేల మీద పీట, పీట ముందు విస్తరి, అంతే. బంతి భోజనమంటే వరసగా కూర్చోవడం. రెండు వరసలు ఎదురెదురుగా వేసినా, మధ్యన ఉన్నది వడ్డించేవాళ్ళు నడిచే దారి. అక్కడ పువ్వులు పెడితే కాలికి తగులుతాయి. అందుకని మన అలంకారమంతా పక్కలకే పోయింది. విస్తరి చుట్టూ ముగ్గు, గడపకి పసుపు కుంకుమలు, గుమ్మానికి మామిడాకులు. హైదరాబాదు నవాబుల ఇళ్ళల్లోనూ ఇంచుమించు ఇంతే. దస్తర్‌ఖాన్ పరుచుకునో, చౌకీ అనే పొట్టిబల్ల చుట్టూ కింద కూర్చునో భోంచేసేవారు. మధ్య చోటంతా వంటకాలదే. అత్తరుకీ, పన్నీరుకీ, పాన్‌దాన్‌కీ వేరే వేళ, వేరే మర్యాద.

మరి బల్ల ఎలా వచ్చింది? 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ సైన్యం హుసేన్‌సాగరుకి ఉత్తరాన గుడారాలు వేసుకుంది. 1806లో ఆ దండు ఉన్న చోటికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అదే సికింద్రాబాదు. గుడారాల తర్వాత బంగళాలొచ్చాయి, బంగళాలతో కుర్చీలూ బల్లలూ, ముళ్ళూ చాకులూ వచ్చాయి.

తమాషా ఏమిటంటే, అప్పటికి ఇంగ్లీషువాళ్ళ బల్ల మధ్య కూడా పూలకి పెద్దగా చోటుండేది కాదు. వాళ్ళూ వంటకాలన్నీ ఒక్కసారే తెచ్చి బల్ల నిండా పేర్చుకునేవాళ్ళు. 1810 ప్రాంతంలో పారిస్‌లోని రష్యా రాయబారి కురాకిన్ తన విందుల్లో కొత్త పద్ధతి పెట్టాడంటారు. ఒక్కొక్క వంటకమే వంటింట్లోంచి వస్తుంది. నౌకర్లు ఒక్కొక్కరి దగ్గరికీ తెచ్చి వడ్డిస్తారు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఈ పద్ధతి ఇంగ్లండులో బాగా పాకింది. దాంతో బల్ల మధ్య ఖాళీ అయిపోయింది. ఖాళీగా ఉంటే వెలితిగా కనిపిస్తుంది కదా! ఆ వెలితిలోకి పువ్వులూ పళ్ళూ వచ్చాయి.

1861లో లండనులో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వారు భోజనాల బల్ల అలంకరణకి పోటీ పెట్టారు. థామస్ మార్చ్ అనే ఆయనకి మొదటి బహుమతి వచ్చింది. ఆయన చేసింది చాలా తేలిక పని. కింద ఒక పళ్ళెం, మధ్యన సన్నని గాజుకాడ, పైన ఇంకో పళ్ళెం. పూలు కిందా పైనా ఉంటాయి, నడుమ ఖాళీ. ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చక్కగా కనిపిస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇక ఈ ఫాషను మన ఊళ్ళో ఎలా ఉండేదో చూడాలంటే బొల్లారం వెళ్ళాలి. అక్కడి రాష్ట్రపతి నిలయం 1860లో కట్టినది. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు విడిదిగా ఉండేది. దాదాపు తొంభై ఎకరాల తోట. 2023 నుంచి జనం చూడడానికి తెరిచి ఉంచుతున్నారు, మీలో కొందరు చూసే ఉంటారు. అక్కడ వంటిల్లు ఒక చోట, భోజనాల గది ఇంకో చోట. రెండింటికీ మధ్య నేలకింద సొరంగం! వండినవన్నీ ఆ సొరంగంలోంచి మోసుకొచ్చేవారు. ఇప్పుడు దాని గోడలకి మన చేర్యాల బొమ్మలు వేశారు. వాసన రాకుండా, చప్పుడు లేకుండా, మోసేవాళ్ళెవరో కనిపించకుండా భోజనం వస్తుందన్నమాట. అలాంటి చోట బల్ల మధ్యన పూలు పెట్టుకోవడానికి అడ్డేముంటుంది?

పైగా పెట్టేది దొరసాని ఒక్కతే కాదు. తోటమాలి పూలు కోసుకొస్తాడు, బట్లరు బల్ల సర్దుతాడు. 1888లో ఫ్లోరా ఆనీ స్టీల్, గ్రేస్ గార్డినర్ అనే ఇద్దరు మేంసాహెబులు ఇండియాలో ఇల్లు నడుపుకోవడం గురించి పెద్ద పుస్తకమే రాశారు. అందులో ఏ నౌకరు ఏ పని చెయ్యాలో విడివిడిగా చెప్పారు. వాళ్ళందరూ ఉంటేనే ఆ బల్ల అలా ఉండేది. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది కూర్చునే బల్ల సంగతీ అంతే. చూసేవాళ్ళకి బల్ల కనిపిస్తుంది, దాని వెనకాల చేతులు కనిపించవు.

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకి రైలు పడింది. తర్వాత లాలాగూడలో రైల్వే వర్కుషాపు వచ్చింది. బల్ల బంగళాలు దాటి రైల్వే క్వార్టర్లలోకి దిగింది. ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో క్రిస్మసు బల్ల ఒక వేడుక. పార్సీలకైతే 1847 నుంచీ ఇక్కడ అగ్నిగుడి ఉంది. శుభకార్యాల్లో వాళ్ళు పెట్టే వెండి పళ్ళేన్ని 'సేస్' అంటారు. పన్నీరుబుడ్డి, కుంకుమ, పటికబెల్లం అన్నీ ఒకే పళ్ళెంలో కొలువు తీరుస్తారు. ఈ ఊరివాళ్ళు రకరకాల పద్ధతులు పక్కింటి కిటికీలోంచే నేర్చుకున్నారు.

పూలపాత్రలకి కూడా దూరం పోనక్కర్లేకపోయింది. బీదరు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనిదే. జింకులో కొంచెం రాగి కలిపి పోతపోసి, వెండితీగ పొదిగి, బీదరుకోట మట్టితో నలుపెక్కించే ఆ బిద్రీ పని 1851లోనే లండను మహాప్రదర్శనకి వెళ్ళింది. హుక్కాల వాడకం తగ్గేకొద్దీ అదే పనితనం ఫ్లవర్ వాజులలోకి వచ్చింది. మనవాళ్ళ షోకేసుల్లో ఒక బిద్రీ వాజు ఉండడం గొప్పగా ఉండేది. షోకేసులోనే సుమండీ, బల్ల మీద కాదు!

ఎందుకంటారా? అసలు సంగతికి వచ్చాం. స్వతంత్రం వచ్చాక మన మధ్యతరగతి ఇళ్ళల్లోకి కూడా బల్ల వచ్చింది. చెక్కబల్ల, సన్‌మైకా బల్ల, అద్దం బల్ల. బల్ల వచ్చింది కాని సొరంగమూ రాలేదు, బట్లరూ రాలేదు. అన్నం గిన్నె, పప్పు, కూర, చారు, పెరుగు, ఊరగాయ జాడీ, నెయ్యి గిన్నె, నీళ్ళ చెంబు, ఇవన్నీ మధ్యనే ఉండాలి. పూలపాత్ర ఎక్కడుంటుంది? ఒక పూట పక్కకి జరుపుతాం, రెండో పూట అరుగు మీద పెడతాం, మూడోనాడు ఫ్రిజ్ ఎక్కిస్తాం. మనకి అభిరుచి లేక కాదు. ఆ అలంకారం పుట్టిందే ఖాళీ బల్ల కోసం, మనది ఎప్పుడూ నిండుబల్ల.

ఇంకొకటుంది. బల్ల వచ్చినా చాలా ఇళ్ళల్లో బంతి పద్ధతి పోలేదు. అందరూ కుర్చీల్లో కూర్చుంటారు. ఇంటి ఇల్లాలు మాత్రం గరిటె పుచ్చుకుని నిలబడుతుంది. వేడివేడి పుల్కాకని ఒకసారి, అప్పడానికని ఒకసారి లోపలికి పరుగు. అందరూ లేచాక చల్లారిన చారుతో ఆవిడ రెండో బంతి. ఆరు కుర్చీల బల్ల కొని, పూలు పెట్టి, ఆ పూల ముందు కూర్చోని మనిషి ఆ ఇంట్లో ఒక్కరే. ఆ పూలు పెట్టిన మనిషే! దొర బల్లకి మోసిన చేతులు ఎలా కనిపించవో, మన బల్లకి ఈ చేతులూ అలాగే కనిపించకుండా పోతున్నాయి.

అయితే మధ్యన పూలు పెట్టి చుట్టూ చేరడం మనకి తెలియని విద్యా? కానే కాదు. బతుకమ్మ ఏమిటి మరి? తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు, గునుగు, బంతి వరసలు వరసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మని నిలబెడతారు. తంగేడూ గునుగూ చేలగట్ల మీద, బీడుభూముల్లో ఊరికే పూసేవే, పైసా పెట్టి కొనక్కర్లేదు. తెల్ల గునుగుకి రంగులు అద్దితే చాలు. 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగ అయింది గాని, ఆడవాళ్ళ చేతుల్లో అది అంతకు ముందెప్పటినుంచో ఉన్నదే. పూలు మధ్యన, ఆడవాళ్ళు చుట్టూ. ఆట అయ్యాక బతుకమ్మని నీళ్ళలో వదిలి, చెరువుగట్టున అందరూ కూర్చుని సద్దులు పంచుకు తింటారు. పేర్చినవాళ్ళే ఆడతారు, ఆడినవాళ్ళే తింటారు. బల్లకి ఇంతకంటే మంచి పాఠం ఏ దేశం నుంచీ తెచ్చుకోనక్కర్లేదు.

పోనీ బయటనుంచి వచ్చినదాన్ని మనది చేసుకోవడం తప్పా అంటే అదీ కాదు. జపానులో పందొమ్మిదో శతాబ్దం చివర విదేశీ పూలూ, విదేశీ తరహా గదులూ వచ్చినప్పుడు ఒహారా ఉన్షిన్ అనే ఆయన వెడల్పాటి లోతులేని పళ్ళెంలో పూలు అమర్చే 'మొరిబానా' పద్ధతి మొదలుపెట్టాడు. పాత విద్యని కొత్త గదికి సరిపడేలా మలిచాడు. అంతెందుకు, మన గుమ్మానికీ, మన దేవుడికీ, మన పెళ్ళిపందిరికీ కట్టుకునే బంతిపువ్వు పుట్టిల్లు మెక్సికో! ఇవాళ అది మనది కాదని ఎవరంటారు?

ఇక చేతిపనికి వద్దాం. మూడు సూత్రాలు చాలు.

మొదటిది, ఎత్తు. బల్ల మీద జానెడు మించకూడదు. థామస్ మార్చ్ సూత్రమే ఇది, ఎదుటివాళ్ళ మొహం కనపడాలి. ఎత్తయిన వాజు హాల్లో పెట్టుకోండి.

రెండోది, చోటు. మధ్య చోటు గిన్నెలకే వదిలేసి, గోడవైపు అంచున సన్నగా, పొడుగ్గా అమర్చండి. లేదా ఒక గ్లాసు పట్టేంత చోటు చాలు. నలుగురు వచ్చిన రోజున గిన్నెలన్నీ పక్క స్టూలు మీదకి మార్చి, మధ్యన పళ్ళెం పెట్టండి.

మూడోది, వాసన. మల్లె, సంపెంగ, మొగలి భోజనం దగ్గర వద్దు, సాంబారు వాసనకీ వాటికీ పడదు. బంతి, చామంతి, కనకాంబరం, కాగితం పూలు మంచివి. గన్నేరు మాత్రం ఎంత అందంగా ఉన్నా బల్ల మీదకి రానివ్వకండి. ఆకూ పువ్వూ కాడా అంతా విషమే. పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త. ఉమ్మెత్త సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇంట్లో ఇత్తడి పళ్ళెమో, లోతు తక్కువ స్టీలు గిన్నో ఉంటే సగం నీళ్ళు పోసి, కాడలు తీసేసిన బంతి, చామంతి పూలు తేలనివ్వండి. అంచున తమలపాకులు దోపండి. అయిదు నిమిషాల పని. మందారమైతే ఇంకా సులువు. నీళ్ళున్నా లేకపోయినా ఆ పువ్వు ఆయుష్షు ఆ ఒక్కరోజే కనుక ఆకు మీద ఊరికే పెట్టినా చాలు.

కాడలతో నిలబెట్టాలంటే కొందరు పచ్చటి స్పాంజి దిమ్మలు కొంటారు. 1954లో అమెరికాలో స్మిథర్స్ అనే ఆయన తెచ్చిన వస్తువది. నిజానికి అది ప్లాస్టిక్కే. పొడిపొడిగా రాలి నీళ్ళలో కలిసిపోతుంది గాని మట్టిలో కలవదు. మనకి అరటిబోదె ఉండగా అదెందుకు? బెత్తెడు ముక్క కోసి, అడుగు చదునుగా చెక్కి పళ్ళెంలో పెట్టండి. చీపురుపుల్లతో చిన్న చిల్లు చేసి కాడ గుచ్చండి. బోదెలో నీరు దానికదే ఉంటుంది. అరటిబోదె దొరక్కపోతే పెద్ద బంగాళాదుంపని సగానికి కోసి బోర్లించండి. కాడలు ఏటవాలుగా కత్తిరించాలి. నీళ్ళలో మునిగే ఆకులు తీసెయ్యాలి. రోజూ నీళ్ళు మార్చాలి. ఈ మూడూ చేస్తే చామంతి చాలా రోజులే నిలుస్తుంది.

పువ్వులు లేని రోజు కూరలబుట్టే తోట. మోండా మార్కెట్టు సంచీ దింపగానే నాలుగు నిమ్మకాయలు, రెండు పచ్చి మామిడికాయలు, ఎర్రగా పండిన మిరపకాయలు, ఒక కొత్తిమీర కట్ట ఇత్తడి గిన్నెలో పెట్టి చూడండి. మర్నాడు అవే వంటకి పనికొస్తాయి. సంక్రాంతికి రేగుపళ్ళు, జొన్నకంకులు. ఉగాదికి వేపపూతతో మామిడి పిందెలు. దసరా రోజుల్లో గునుగు. ప్లాస్టిక్ పూలకి పోపు జిడ్డు పట్టి కడగడానికి ఒక ఆదివారం పోతుంది. వీటికి ఆ బాధ లేదు.

చివరగా, అన్నిటికంటే చవకైన అలంకారం ఇంకొకటి చెబుతాను. రేపు రాత్రి వండినవన్నీ ఒక్కసారే బల్ల మీదకి తెచ్చేయండి. గరిటెలు గిన్నెల్లో వేసి, ఎవరికి కావలసింది వాళ్ళని వడ్డించుకోమనండి. పిల్లలకి ఒక రోజులో అలవాటవుతుంది, పెద్దవాళ్ళకి వారం పట్టవచ్చు. అప్పుడు మీరూ ఒక కుర్చీ లాక్కుని, మీరు పెట్టిన పువ్వు మీకూ కనిపించేచోట కూర్చోండి. వేడి చారు రుచి మీకూ తెలియాలి కదా!