సగములో నిలిచిన చదువు

విద్యాధనమును దొంగలు అపహరింపజాలరని మన పెద్దలు చెప్పుదురు. చదువు ముగించినవాని విషయమున నిది సత్యమే. కాని మూడవయేటి పాఠమును నడుమ విడిచి, ప్రాణములు దక్కించుకొని సరిహద్దు దాటిన విద్యార్థి విషయమున సత్యము కాదు. వానికి పట్టము లేదు; చదివినంతవరకైన సాక్ష్యపత్రము లేదు; చేరిన దేశపు భాష రాదు. దొంగలు హరింపలేని ధనమును దేశభ్రంశము హరించును.

ప్రపంచము పండితులను ఆదరించినట్లు విద్యార్థులను ఆదరింపలేదు. 1933వ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదీ శాసనముచే జర్మనీలో యూదాచార్యులనేకులు పదవీభ్రష్టులైరి. ఆ నెల 25వ తేదీ శాసనము యూదు విద్యార్థుల ప్రవేశమునకు మితి విధించెను. ఆచార్యులను పిలుచుకొనుటకు ఇంగ్లండు, అమెరికాలేగాక తుర్కీయు ముందునకు వచ్చెను. ఇస్తాంబులు విశ్వవిద్యాలయము ఆ యేటనే వారితో తన పీఠములను నింపుకొనెను. పండిన ఫలమును వలదనువారెవరు? నారును తెచ్చి నాటుకొనువారే అరుదు.

అట్టి అరుదైన వృత్తాంత మొకటి హంగేరీ చరిత్రలో కలదు. ఆస్ట్రియా సరిహద్దు చెంతనున్న షోప్రాన్ పట్టణమున ప్రాచీనమైన అరణ్యశాస్త్ర కళాశాల యుండెను. 1956 నవంబరు 4వ తేదీన సోవియట్ సేనలు హంగేరీ తిరుగుబాటును అణచుటకు పూనుకొనగా, ఆ కళాశాల విద్యార్థులును గురువులును పెక్కుమంది ఆస్ట్రియాకు పారిపోయిరి. అధ్యక్షుడగు కాల్మాన్ రోలర్ తమను చెదరగొట్టక కళాశాలగానే స్వీకరింపుడని పలు దేశములకు లేఖలు వ్రాసెను. కెనడా అంగీకరించెను. సుమారు 200 మంది విద్యార్థులు తమ గురువులతో 1957వ సంవత్సరారంభమున ఆ దేశము చేరి, రైలులో దాని పడమటి తీరమునకు పోయిరి. పవెల్ రివర్ అను ఊర కొన్ని నెలలు ఇంగ్లీషు నేర్చి, ఆ శరదృతువున వాంకూవరులోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమున ‘షోప్రాన్ శాఖ’గా చదువు సాగించిరి. తమ గురువులే తమ భాషలో పాఠము చెప్పుచుండిరి. ఇంగ్లీషు క్రమముగా ప్రవేశించెను. 1961లో కడపటి తరగతి ముగియునప్పటికి సుమారు 140 మంది పట్టభద్రులైరి.

ఇది కేవలము దయాకార్యము కాదు. అరణ్యసంపన్నమగు ఆ రాష్ట్రమునకు ఆ శాస్త్రజ్ఞులు కావలసియుండిరి. సోవియట్ వైరమును ఆ ఆదరమునకు తోడ్పడెను. అయినను చేసిన మేలు మేలే. సాక్ష్యపత్రములకై నిర్బంధింపక గురువుల మాటను నమ్ముట, నూతనభాషకు వ్యవధి నొసగుట, ఆరంభించిన చదువును ముగియనిచ్చుట: ఈ మూడింటియందే దాని రహస్యము కలదు.

స్వదేశబాలురకే చోటు చాలదని కొందరందురు. ఆ మాటను తోసివేయరాదు. కాని ఆ శాఖ అయిదేండ్లలోపలనే తన పని ముగించుకొని తొలగెను. దాని ఫలము మాత్రము ఆ దేశపు అడవులయందు నిలిచెను.

1951వ సంవత్సరపు శరణార్థుల ఒడంబడికలోని 22వ ప్రకరణము ప్రాథమికవిద్యయందు శరణార్థికి దేశప్రజలతో సమానహక్కు నిచ్చెను. ఉన్నతవిద్యయందు మాత్రము సాధ్యమైనంత అనుకూలముగా చూడుమని చెప్పి, పరదేశీయులకంటె తక్కువ చేయరాదని ఊరకుండెను. ఆ ‘సాధ్యమైనంత’ అను మాటలోనే తలుపు సగము మూయబడినది. 2019లో ఐక్యరాజ్యసమితి శరణార్థిసంస్థ లెక్కప్రకారము యౌవనశరణార్థులలో నూటికి ముగ్గురే కళాశాలలు చేరిరి. తరువాత ఆ సంఖ్య కొంత పెరిగెను. 2030 నాటికి పదునేవురు చేరవలెనని సంకల్పము.

మన దేశ మీ ఒడంబడికలో చేరలేదు. కాని నడుమ నిలిచిన చదువును పూర్తిచేయించుటకు సంతకముతో పనిలేదు. శరణార్థి వాకిట నిలిచినప్పుడు, నీ కాగితము లేవని మాత్రమే యడుగక, నీవేమి చదివితివని యడుగగల విద్యాలయమే విద్యాలయము.