తనఖా దస్తావేజులో సాక్షి చేవ్రాలు: ఒక చారిత్రక పరిశీలన

తెలుగు తనఖా దస్తావేజును పాఠంగా చదివితే ఒక వైరుధ్యం కనిపిస్తుంది. పత్రమంతా ఉత్తమపురుషలో “నేను” అంటూ సాగుతుంది. రాసిన చేయి మాత్రం ఆ “నేను”ది కాదు. కరణమో, వృత్తిలేఖకుడో రాస్తాడు. ఆ మాటలు ఋణగ్రహీతవి అయ్యేది చివరి చేవ్రాలుతోనే. అక్షరాలు రానివారి విషయంలో ఆ పని నిశాని చేస్తుంది. మరి ఆ ఘట్టాన్ని ఎవరు చూడాలి?

1882 ఆస్తి బదిలీ చట్టం 59వ సెక్షను ప్రకారం వంద రూపాయలు, అంతకు మించిన అప్పుకు ఇల్లో పొలమో తనఖా పెడితే పత్రం రిజిస్టరు కావాలి, తనఖాదారు సంతకం చేయాలి, కనీసం ఇద్దరు సాక్షులు అటెస్ట్ చేయాలి. ఆస్తి పత్రాల దాఖలుతో జరిగే తనఖాకు మాత్రం ఈ నియమం లేదు. అటెస్ట్ చేయడమంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. సంతకం పెట్టడాన్ని కళ్లారా చూడాలా, “ఇది నా సంతకమే” అని పెట్టినవాడు చెబితే చాలా అన్న విషయంలో హైకోర్టుల తీర్పులు భిన్నంగా వచ్చాయి.

మద్రాసు హైకోర్టు నుంచి అప్పీలుగా వెళ్లిన షాము పట్టర్ - అబ్దుల్ ఖాదిర్ రావుత్తర్ వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ 1912లో దీన్ని తేల్చింది: సాక్షి చూసి తీరాలి. చూడని సాక్షుల సంతకాలతో ఉన్న పత్రం తనఖాగా చెల్లదు. అప్పు ఇచ్చిన మాట నిజమే కావచ్చు. ఇంటిపై హక్కు మాత్రం నిలవదు. దీనిని కేవలం సాంకేతిక లోపంపై తీర్పుగా కొట్టివేయడం సరికాదని నా అభిప్రాయం. రాయలేని మనిషికి, అతని పేరుతో పుట్టిన పత్రానికి మధ్య నిలిచే బయటి కన్ను సాక్షి ఒక్కడే.

అయితే ఆ కన్ను చూసేది సంతకాన్నే, విషయాన్ని కాదు. సాక్షికి పత్రంలోని సంగతులు తెలిసి ఉండాలని చట్టం కోరదు. చదివి వినిపించగా విని సమ్మతించినట్లు చెప్పే వాక్యం దస్తావేజులోనే ఉంటుంది నిజమే. కానీ దాన్ని లేఖకుడు వినిపించడానికి ముందే రాసేస్తాడు! ఇంకా జరగని పనిని జరిగినట్లు చెప్పే వాక్యమది.

1926 సవరణ నిర్వచనాన్ని సడలించింది. సంతకం చేసిన వ్యక్తి స్వయంగా ఒప్పుకోగా విన్న సాక్షీ చాలు. సాక్షులిద్దరూ ఒకేసారి ఉండనక్కరలేదు. అయితే ప్రతి సాక్షీ ఆ వ్యక్తి సమక్షంలోనే తన సంతకం చేయాలి. 1927లో దీన్ని పాత పత్రాలకూ వర్తింపజేశారు. రిజిస్ట్రారు, గుర్తింపు సాక్షులు అటెస్ట్ చేసే ఉద్దేశంతో సంతకం చేస్తే తప్ప అటెస్టింగ్ సాక్షులు కారని సుప్రీంకోర్టు 1969లో స్పష్టం చేసింది.

నేటి గృహఋణాలు ఎక్కువగా ఆస్తి పత్రాలను బ్యాంకులో దాఖలు చేయడం ద్వారా జరిగేవి. మొదట మద్రాసు, కలకత్తా, బొంబాయి వంటి కొద్ది పట్టణాలకే పరిమితమైన ఈ తనఖా, ప్రభుత్వం నోటిఫై చేసిన ఇతర పట్టణాలకూ విస్తరించింది. దీనికి సాక్షులు అక్కరలేదు. “నేను” ఇప్పుడు అచ్చు కాగితంలోకి చేరింది, తరచుగా ఆంగ్లంలో. తనఖా పత్రాలపై పనిచేసే ఈ వ్యాసకర్త కూడా తన ఇంటి అప్పు నాడు పెన్సిలు గుర్తులున్న చోటల్లా సంతకం చేశాడు. వడ్డీ రేటు, తేదీ గడులు ఖాళీగా ఉన్నాయని చివరి పుటల్లో గమనించి, కాగితాలన్నీ వెనక్కి అడిగి నింపించుకోవడానికి మరో పూట పట్టింది.