తుప్పుపట్టని ఉక్కు: కన్వేయరు భాగములందు దాని ఎంపిక

కర్మాగారములందు సరకును ఎడతెగక మోసికొనిపోవు కన్వేయరులకు రెండు విధములైన క్షయము సంభవించును: తేమ, లవణము, ఆమ్లము లోహమును తుప్పురూపమున తినివేయుట ఒకటి, గొలుసులు, పిన్నులు, బేరింగులు పరస్పరము ఒరసికొని అరిగిపోవుట రెండవది. ఒకదానిని నివారించు గుణము తఱచుగా రెండవదానికి తావిచ్చుచుండుటచేతనే ఈ భాగములకు తగిన ఉక్కును ఎన్నుకొనుట నేటికిని సూక్ష్మవివేచన నపేక్షించు కార్యమైయున్నది.

క్రోమియము కలిసిన ఇనుము ఆమ్లములకు లొంగదని 1821లోనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియెర్ బెర్తియే గుర్తించెను. కాని ఆనాటి మిశ్రలోహములు కర్బనాధిక్యముచే పెళుసై నిరుపయోగములయ్యెను. జర్మనీలో హాన్స్ గోల్డ్‌ష్మిట్ అల్యూమినియముపొడి సాయమున కర్బనరహితమైన క్రోమియమును సాధించిన పిమ్మటగాని మార్గము సుగమము కాలేదు. 1912లో ఎస్సెన్ నగరమందలి క్రుప్ సంస్థ, మౌరర్, స్ట్రౌస్ అను పరిశోధకుల కృషిఫలమైన క్రోమియము-నికెలు ఉక్కునకు పేటెంటు కోరెను. మరుసటి యేడు ఇంగ్లండునందలి షెఫీల్డులో, తుపాకిగొట్టముల అరుగుదలకు ప్రతిక్రియ నన్వేషించుచున్న హ్యారీ బ్రేర్లీ 12.8 శాతము క్రోమియము, 0.24 శాతము కర్బనముగల ఉక్కును పోతపోయించెను. షెఫీల్డు ఉక్కు కాల్చి చల్లార్చినచో గట్టిపడును. ఎస్సెన్ ఉక్కు మెత్తనిదైనను తుప్పును మరింత సమర్థముగా ఎదిరించును.

ఎస్సెన్ ఉక్కు మెత్తదనమునకు నికెలు కారణము, తుప్పు నెదిరించుటకు క్రోమియము కారణము. ఉక్కులో క్రోమియము సుమారు 10.5 శాతమునకు మించినపుడు, గాలిలోని ఆమ్లజనితో కూడి, కంటికి కానరానంత పలుచనైన రక్షకపటలము ఉపరితలమున ఏర్పడును. గీతపడినను అది తనంతట తానే పూడుకొనును. కాఠిన్యమునకై కర్బనమును పెంచినకొలది అది క్రోమియమును కార్బైడు రూపమున బంధించివేయుటచే ఆ పటలము బలహీనపడును.

కావున యంత్రమంతటికి ఒకే ఉక్కును విధించుట సరికాదు. చట్రములకు, పట్టీలకు 18 శాతము క్రోమియము, 8 శాతము నికెలుగల 304 రకము సాధారణముగా చాలును. భీమవరము ప్రాంతపు రొయ్యల శుద్ధికర్మాగారములందువలె ఉప్పునీరును క్లోరిను కలిపిన నీరును నిత్యము తగులుచోట, రెండు మూడు శాతములు మాలిబ్డినముగల 316 రకమే మేలు. అయితే ఈ రెండు రకముల పిన్నులును బుష్షులును ఒకదానితోనొకటి ఒరసికొన్నచో ముఖములు అతుకుకొని చిరిగిపోవును. ఇది అనుభవములేని రూపకర్తలు తఱచుగా విస్మరించు విషయము. బేరింగులకు ఒక శాతము కర్బనముగల 440సి ఉక్కు మిక్కిలి కఠినమైనదేగాని ఉప్పునీట గుంటలుపడును.

1940-50 దశకమున అమెరికాలో ఆర్మ్‌కో సంస్థ వెలువరించిన 17-4 పిహెచ్ ఉక్కు ఈ విరోధమును చాలవరకు పరిహరించెను. కర్బనమునకు బదులు సుమారు నాలుగు శాతము రాగిని చేర్చి, సుమారు 480 డిగ్రీల సెంటిగ్రేడువద్ద ఉంచినచో, సూక్ష్మమైన రాగికణములు లోపల విడివడి ఉక్కును గట్టిపఱచును. క్రోమియము మాత్రము రక్షణకార్యమునకు స్వేచ్ఛగా మిగులును. బరువులు మోయు ఇరుసులకును గొలుసుపిన్నులకును ఇట్టి ఉక్కు ఉపయుక్తమైయున్నది.