అవ్వ పసుపు, అంగడి పసుపు

మా అవ్వ మదురైలో పుట్టి కోయంబత్తూరుకు కోడలిగా వచ్చింది. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైని ఏలడం మొదలుపెట్టాక తెలుగువాళ్ళు చాలామంది ఈ నాట వచ్చి నిలిచిపోయారు. మా మాటల్లో సగం తమిళం కలిసింది గానీ నలుగు పెట్టుకోవడం మాత్రం పోలేదు. తమిళుల పెళ్ళిళ్ళలోనూ నలంగు అనే వేడుక ఉంది.

పోయిన దీపావళి ముందు నేనొక పిచ్చిపని చేశాను. నిమ్మరసంలో వంటసోడా కలిపి ముఖానికి పూసుకుని మేడమీద ఎండలో కూర్చున్నాను. వంటింటి వస్తువే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. చెంపలు మండిపోయాయి, తర్వాత నల్లమచ్చలు పడ్డాయి. "అది చారులో పిండేదే, మొహానికి కాదే!" అని అవ్వ తిట్టింది. పండగ ఫోటోల్లో నేను లేను.

సైన్సు టీచర్‌ని అడిగితే విషయం తెలిసింది. మన చర్మం పి.హెచ్. సుమారు 5. నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది, సోడా 8 దాటుతుంది. పైగా నిమ్మలోని కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి.

మరి పసుపు? దానికి పెద్ద చరిత్రే ఉంది. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతికి 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన దేశపు సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ పాత సంస్కృత గ్రంథాలనూ, 1953లో వైద్య పత్రికలో వచ్చిన ఒక వ్యాసాన్నీ చూపించి వాదించింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. అది చదివి నాకు భలే గర్వమేసింది. అవ్వతో చెప్తే, "సరే, నీ డబ్బాలో ఉండేది ఆ పసుపేనా?" అని అడిగింది.

నాకు జవాబు రాలేదు. అవ్వ కాలంలో ఈరోడు పసుపు కొమ్ములు తెచ్చి, ఎండబెట్టి, ఇంట్లోనే దంచేవారు. ముఖానికైతే వేరేగా కస్తూరి పసుపు. ఇప్పుడు విడిగా అమ్మే పొడిలో రంగు బాగా రావాలని కొందరు లెడ్ క్రోమేట్ కలుపుతారు. అందులో సీసం ఉంది, అది విషం. పసుపులో అది ఉండకూడదని చట్టం ఉన్నా కల్తీ ఆగలేదు.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేశాం. గ్లాసు నీళ్ళలో చెంచా పసుపు వేసి కదపకుండా ఉంచాలి. మంచిదైతే పొడి అడుక్కి దిగి నీళ్ళు లేత పసుపుగా ఉంటాయి, రంగు కలిపినదైతే నీళ్ళు ముదురు పసుపుగానే ఉండిపోతాయి. మా వీధి అంగడి పొడి నీళ్ళు ముదురుగానే ఉన్నాయి. అమ్మ ఆ పొట్లం పారేసింది.

ఇప్పుడు పెసరపిండి అయినా సరే, ముందు మోచేతి మడతలో కొంచెం రాసుకుని ఒకరోజు చూస్తాను. అవ్వ మాత్రం కొమ్ములు తెప్పించింది. దంచే పని నాదే అట.