వెండి పోయాక వేడినీళ్లు

మంచు కప్పుకున్న చెక్క సత్రాలు, నడుమ వాగు, గట్టున గ్యాసు దీపాలు. జపాన్ ఈశాన్యాన యామగతా కొండల్లోని గింజాన్ ఒన్సెన్ ఫొటో చూస్తే సమురాయ్‌ల కాలం నాటి ఊరనిపిస్తుంది. ఊరు పాతదే. సత్రాల్లో చాలావాటికి మాత్రం వయసు వందేళ్లకు అటూఇటూ.

ఇక్కడ మొదట జనాన్ని పోగేసింది నోబెసవా వెండి గని. 17వ శతాబ్దం తొలి సగంలో ఓ వెలుగు వెలిగి, 1689లో మూతపడింది. సరిగ్గా అదే ఏడు హైకూ కవి బషో దగ్గర్లోని ఒబనజవాకు వచ్చి, సుజుకి సెయిఫూ అనే వ్యాపారి ఆదరణలో పది రోజులు గడిపాడు. సెయిఫూది కుసుమపూల వర్తకం. మనకు నూనెగింజగా తెలిసిన కుసుమే అక్కడ ఎర్రరంగుకు ముడిసరుకు, వెండి తర్వాత ఆ సీమకు సిరి. గని లోయకు మాత్రం వేడినీటి ఊటలే దిక్కయ్యాయి.

1913లో వరదొచ్చి సత్రాలను దాదాపుగా ఊడ్చేసింది. ఆ తర్వాత 1920లలో బోర్లు వేస్తే వేడినీళ్లు పుష్కలంగా పడ్డాయి. యజమానులు పోటీలు పడి కట్టారు. లోయ ఇరుకు, పక్కకు జరగడానికి చోటు లేదు, అందుకే మూడు, నాలుగు అంతస్తులు లేచాయి. గోడల మీద తాపీతో గారను ఉబ్బెత్తుగా తీర్చి రంగులద్దిన బొమ్మలుంటాయి. నన్నడిగితే స్నానం కన్నా ముందు చూడాల్సింది వాటినే.

1983లో ‘ఒషిన్’ టీవీ సీరియల్‌తో ఊరి పేరు జపానంతా మోగింది. 1986లో ఈ వీధి రూపు చెడకుండా ఒబనజవా పురపాలక సంఘం నిబంధన తెచ్చింది. ఆ గిరి లోపలే 2006లో ఆర్కిటెక్టు కెంగో కుమా ఫుజియా సత్రాన్ని సన్నని వెదురు తడికలతో తిరగకట్టాడు. ఇప్పుడు బెడద జనంతోనే. 2024-25 చలికాలంలో సాయంత్రం పూట బయటి సందర్శకులకు పరిమితి పెట్టాల్సి వచ్చింది. గదులు డజను సత్రాల్లోనే కాబట్టి నెలల ముందే చూసుకోవాలి. ఒళ్లు కడుక్కున్నాకే తొట్టెలో దిగాలి, తువ్వాలు నీళ్లలో ముంచకూడదు.

వీధి చివర 22 మీటర్ల షిరొగనె జలపాతం. ఇంకా పైకెళ్తే పాత గని సొరంగం. రాతిని మంటతో కాల్చి, నీళ్లు కొట్టి పగలగొట్టేవారు, ఆ మసి గోడలకు ఇంకా ఉంది. చలికాలంలో ఆ దారి మూసేస్తారు కాబట్టి, మంచు కోసం వెళ్లేవాళ్లకు గని కనబడదు.