యౌవనస్థులను తీర్చిదిద్దిన శిక్షకుడు – ఒక పరిశీలన

యౌవనస్థులకు నేర్పువాని పనిని ఏ కొలతతో కొలువవలెను? తన చేతి క్రింద ఉన్నప్పుడు వారు గెలిచిన బహుమతులను బట్టియా, లేక తన చేయి విడిచిన తరువాత వారు నిలిచిన తీరును బట్టియా? హాకీ శిక్షకుడు హరేంద్ర సింగ్ చరిత్రను ఈ ప్రశ్నతో కొంచెము నిదానముగా చూతము.

భారత యువజట్టు జూనియర్ ప్రపంచ కప్పును తొలిసారి 2001లో హోబర్ట్ నగరమున, అర్జెంటీనాను 6–1తో ఓడించి గెలిచినది. 2005లో రోటర్‌డామ్‌లో హరేంద్ర సింగ్ శిక్షణలో ఆడిన జట్టు కంచు పతకపు పోటీలో స్పెయిన్ చేతిలో ఓడి నాలుగవ స్థానముతో తిరిగి వచ్చినది. 2013లో, వేరొకరి శిక్షణలో, స్వదేశమైన ఢిల్లీలోనే మన కుర్రవాళ్లు పదవ స్థానమునకు దిగినారు. అటు పిమ్మట యువజట్టు బాధ్యత మరల హరేంద్ర సింగ్‌కు వచ్చినది.

2016 డిసెంబరులో లక్నోలో సెమీఫైనల్ 2–2తో ముగియగా, షూటౌట్‌లో మనవారు ఆస్ట్రేలియాను దాటినారు. 18వ తేదీన ఫైనల్‌లో బెల్జియంను 2–1తో ఓడించినారు. గుర్జంత్ సింగ్, సిమ్రన్‌జీత్ సింగ్ చెరియొక గోలు చేసినారు. పదునైదేండ్ల తరువాత కప్పు ఇంటికి వచ్చినది.

2018లో ఆయనకు పెద్దల జట్టును అప్పగించినారు. ఆ యేడు ఆసియా క్రీడల సెమీఫైనల్‌లో మలేషియా చేతిలో ఓడి కంచుతో సరిపెట్టుకొన్నారు. భువనేశ్వర్ ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్‌లో నెదర్లాండ్స్ 2–1తో గెలిచినది. 2019 జనవరిలో ఆయనను తొలగించినారు. లెక్క అక్కడే మూసివేసినవారు అనేకులు.

అయితే 2021 ఆగస్టు 5న టోక్యోలో జర్మనీని 5–4తో ఓడించి, 41 ఏండ్ల తరువాత మన జట్టు ఒలింపిక్ పతకము తెచ్చినది. ఆ జట్టులో హర్మన్‌ప్రీత్, మన్‌దీప్, వరుణ్, నీలకంఠ శర్మ, సుమిత్, గుర్జంత్, సిమ్రన్‌జీత్ అను ఏడుగురు లక్నో కుర్రవాళ్లే. మొదట అదనపు ఆటగాడుగా వెళ్లిన సిమ్రన్‌జీత్ ఆనాడు రెండు గోలులు చేసినాడు. అప్పటి శిక్షకుడు మాత్రము ఆస్ట్రేలియా దేశస్థుడు గ్రాహం రీడ్. 2024లో పారిస్‌లో మరల కంచు పతకము తెచ్చిన జట్టుకు హర్మన్‌ప్రీతే నాయకుడు.

ఈ ఘనత అంతయు ఒక్కరిదే అనుట న్యాయము కాదు. హర్మన్‌ప్రీత్ జలంధర్‌లోని సుర్జీత్ అకాడమీలో నేర్చుకొన్నవాడు. మొట్టమొదట కర్ర పట్టించిన ఊరి గురువులకును, ముగింపు దిద్దిన రీడ్‌కును పాలున్నది. మరియొక మాట: లక్నో జట్టు పదునెనిమిది మందిలో పదకొండుగురు టోక్యోలో ఆడలేదు. కప్పు ఎత్తిన నాయకుడు హర్జీత్ సింగ్ వారిలో ఒకడు. ఏడుగురిని లెక్కించువారు ఆ పదకొండుగురిని మరువరాదు.

ఇవన్నియు తీసివేసి చూచినను, ఒకే యువజట్టునుండి ఏడుగురు ఐదేండ్ల లోపున ఒలింపిక్ పతకము ధరించుట చిన్న సంగతి కాదు. పెద్దల జట్టుతో ఆయన ఆశించినంత సాధింపలేదు. పిన్నలను ఎదిగించుటలో సాధించినాడు. ఈ రెండు పనులను ఒకే త్రాసులో తూచుట తగదని మా అభిప్రాయము.

మన పిల్లలకు ఆటయో పాటయో చదువో నేర్పువారిని ఏడాది తిరుగకముందే లెక్క అడుగుట మనకు అలవాటు. లక్నో పంట టోక్యోలో చేతికి వచ్చినది. అప్పటికి సేద్యగాడు ఆ పొలములో లేడు.